ఆఫీసు నెట్‌వర్క్ మొత్తానికి పాస్‌వర్డ్ పాలసీ: ఉన్న దారులేంటి, మీకు ఏది సరిపోద్ది

పాస్‌వర్డ్ పాలసీ టైట్ చేయమని పైనుంచి మెయిల్ వస్తే మనలో చాలామంది చేసేది ఒకటే, గ్రూప్ పాలసీ (విండోస్ మెషీన్లన్నిటికీ ఒకేచోట నుంచి సెట్టింగులు పంపే ఏర్పాటు) కన్సోల్ తెరవడం, పొడవు 8 ఉంటే 12 చేయడం, ఎక్స్‌పైరీ 90 రోజులుంటే 60 చేయడం, ఓకే కొట్టి "అయిపోయింది సార్" అని రిప్లై పెట్టేయడం. నేనూ అలాగే చేశా. ఒక చోట అకౌంట్స్ డిపార్ట్‌మెంట్ వాళ్లకి మాత్రం 14 అక్షరాలు ఉండాలన్నారని వాళ్ల ఓయూకి (డైరెక్టరీలో అకౌంట్లనీ కంప్యూటర్లనీ వర్గాలుగా పెట్టే ఫోల్డర్ లాంటిది) ఒక కొత్త గ్రూప్ పాలసీ లింక్ చేసి అందులో 14 పెట్టి ఆర్నెల్లు హాయిగా నిద్రపోయా. ఆడిట్‌కి వచ్చినాయన అకౌంట్స్‌లో ఒకావిడని పాస్‌వర్డ్ మార్చి చూపించమన్నారు, ఆవిడ ఏడక్షరాలది కొట్టింది, సిస్టం కిక్కురుమనకుండా తీసేసుకుంది.

తప్పు ఎక్కడంటే, ఓయూకి లింక్ చేసిన పాస్‌వర్డ్ సెట్టింగ్ డొమైన్ యూజర్ల (ఆఫీసు సెంట్రల్ డైరెక్టరీలో అకౌంట్ ఉన్నవాళ్ల) మీద పడదు. ఆ ఓయూలో కంప్యూటర్లు ఉంటే వాటిలోని లోకల్ అకౌంట్లకి మాత్రమే తగులుతుంది, యూజర్లు మాత్రమే ఉంటే ఎవరికీ తగలదు. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు, రిపోర్టులో 14 అనే కనిపిస్తుంది. అప్పట్నుంచి ఏ టూల్ చూసినా నా మొదటి ప్రశ్న "ఎన్ని సెట్టింగులున్నాయి" కాదు, "ఇది ఎవర్ని వదిలేస్తుంది" అని. కింద ఒక్కో దారినీ ఆ కంటితోనే చూశా.

## దేన్ని బట్టి తూచాలి

నేను చూసేవి ఐదు, వీటన్నిటికీ సమానమైన బరువు లేదు.

ఎవరి మీద పడుతుంది. ఆఫీసులో అకౌంట్లు ఒక రకం కాదు. డొమైన్ యూజర్లు, ప్రతి మెషీన్‌లో ఉండే లోకల్ అడ్మిన్, బ్యాకప్‌కీ డేటాబేస్‌కీ వాడే సర్వీస్ అకౌంట్లు, లినక్స్ సర్వర్లలో ఎప్పుడో ఎవరో క్రియేట్ చేసినవి, క్లౌడ్‌లో మాత్రమే ఉన్నవి. ఏ ఒక్క టూలూ వీటన్నిటినీ పట్టుకోదు.

లీకైన పాస్‌వర్డ్‌ని ఆపుతుందా. నా లెక్కలో సగం బరువు దీనిదే. విండోస్ కాంప్లెక్సిటీ రూల్ అడిగేది పెద్దక్షరం, చిన్నక్షరం, అంకె, గుర్తు లాంటి ఐదు రకాల్లో మూడు ఉన్నాయా, లాగిన్ పేరు గానీ పూర్తి పేరులో ముక్క గానీ అందులో ఉందా అనేంతవరకే. "పాస్‌వర్డ్@123" దానికి ఫస్ట్ క్లాస్‌లో పాసైపోద్ది, అటాక్ చేసేవాడి లిస్టులో కూడా ముందు వరసలో అదే ఉంటుంది. 2021లో అమెరికా ఇంధన పైప్‌లైన్ కంపెనీ కొలోనియల్ పైప్‌లైన్ మీద జరిగిన రాన్సమ్‌వేర్ దాడిలో లోపలికి వచ్చింది వాడకంలో లేని ఒక పాత వీపీఎన్ అకౌంట్ గుండా. ఆ పాస్‌వర్డ్ తేలికది కాదనే కంపెనీ సీఈఓ అమెరికా సెనేట్ ముందు చెప్పారు, కానీ దానికి ఎంఎఫ్ఏ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్ కోడ్ లాంటి రెండో రుజువు) లేదు, అదే పాస్‌వర్డ్ వేరే లీకుల్లో కూడా దొరికింది. కాంప్లెక్సిటీ ఉండి ఏం ఉపయోగం మరి.

వేర్వేరు మనుషులకి వేర్వేరు రూళ్లు పెట్టొచ్చా. డొమైన్ అడ్మిన్‌కీ స్టోర్స్‌లో షేర్డ్ పీసీ వాడేవాళ్లకీ ఒకే కొలత కుదరదు.

రిజెక్ట్ అయినప్పుడు ఎందుకో చెబుతుందా. దీన్ని కొనేటప్పుడు ఎవరూ అడగరు, పెట్టిన మర్నాడు హెల్ప్‌డెస్క్ ఫోన్లు మోగినప్పుడు తెలుస్తుంది.

డబ్బు, శ్రమ. లైసెన్స్ ఖర్చు ఒక్కటే కాదు, ప్రతి డొమైన్ కంట్రోలర్ (ఆఫీసు లాగిన్లనీ పాస్‌వర్డ్‌లనీ చూసుకునే సర్వర్) మీదా ఏదో ఇన్‌స్టాల్ చేసి రీబూట్ చేయాలంటే అది కూడా ఖర్చే.

## టూల్ కంటే ముందు నంబర్లు తేల్చుకోండి

కాంప్లెక్సిటీ, మూణ్ణెల్లకోసారి మార్చడం అనే ఆచారానికి మూలం చాలావరకు అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ 2000ల మొదట్లో ఇచ్చిన గైడ్‌లైన్. అది రాసిన బిల్ బర్ 2017లో, రిటైరయ్యాక, అందులో చాలా భాగానికి చింతిస్తున్నానని పేపర్‌కి చెప్పారు. అదే ఏడాది ఎన్ఐఎస్‌టీ కూడా మాట మార్చింది, ఊరికే రోజులు అయిపోయాయని మార్పించొద్దు, గుర్తు పెట్టు అంకె పెట్టు అని బలవంతం చేయొద్దు, దాని బదులు లీకైన పాస్‌వర్డ్‌ల లిస్టుతో పోల్చి చూడండి అంది. 2025లో వచ్చిన నాలుగో రివిజన్ ప్రకారం పాస్‌వర్డ్ ఒక్కటే కాపలా అయితే కనీసం 15 అక్షరాలు, ఎంఎఫ్ఏతో కలిపి వాడితే కనీసం 8. మైక్రోసాఫ్ట్ కూడా 2019లోనే తన సెక్యూరిటీ బేస్‌లైన్ (సిఫారసు సెట్టింగుల జాబితా) నుంచి ఎక్స్‌పైరీని తీసేసింది.

ఎందుకు తీసేశారో అర్థం కావాలంటే మన యూజర్లని చూస్తే చాలు. మార్చమంటే చివర 1 ఉన్నచోట 2 పెడతారు, అంతే. 2010లో నార్త్ కరోలినా యూనివర్సిటీ రీసెర్చర్లు మూతపడిన పాత అకౌంట్ల పాస్‌వర్డ్‌లు తీసుకుని చూస్తే, పాతది తెలిసినప్పుడు 17 శాతం అకౌంట్ల కొత్త పాస్‌వర్డ్ ఐదు ప్రయత్నాల లోపే దొరికిపోయింది.

అయితే ఇక్కడే ముందు నుయ్యి వెనక గొయ్యి. కార్డు పేమెంట్ల డేటా ముట్టుకునే సంస్థలకి పీసీఐ డీఎస్ఎస్ 4 అనే భద్రతా ప్రమాణం వర్తిస్తుంది, అందులో కనీసం 12 అక్షరాలు (సిస్టం అంత తీసుకోలేకపోతే 8), పాస్‌వర్డ్ ఒక్కటే ఫ్యాక్టర్ అయితే 90 రోజులకోసారి మార్చాలి లేదా అకౌంట్ రిస్క్‌ని ఎప్పటికప్పుడు చూసే ఏర్పాటు ఉండాలి. మీ ఆడిటర్ ఏ పుస్తకం పట్టుకుని వస్తాడో ముందే అడిగి తెలుసుకోండి, నిజంగా అడగండి, టూల్ కొన్నాక కాదు.

లాకౌట్ గురించి ఒక్కమాట. మూడు తప్పులకే లాక్ చేసే ఆఫీసులు ఇంకా ఉన్నాయి. ఫోన్లో సేవ్ అయి ఉన్న పాత మెయిల్ పాస్‌వర్డే ఆ మూడూ తినేస్తుంది, పైగా బయటివాడెవడైనా మీ యూజర్ పేర్లు తెలుసుకుంటే కావాలని మూడేసి తప్పులు కొట్టి ఆఫీసు మొత్తాన్ని బయట నిలబెట్టొచ్చు. మైక్రోసాఫ్ట్ ఇప్పుడు చెప్పేది 10 తప్పులకి 10 నిమిషాల లాక్. నాకూ అదే బాగుంది.

## మొదటి దారి: డిఫాల్ట్ డొమైన్ పాలసీ

యాక్టివ్ డైరెక్టరీ (ఏడీ, యూజర్లనీ కంప్యూటర్లనీ ఒకేచోట చూసుకునే మైక్రోసాఫ్ట్ డైరెక్టరీ) ఉంటే ఇది ఆల్రెడీ ఉన్నట్టే, పైసా ఖర్చు లేదు. ఎవరూ ముట్టుకోకపోతే పొడవు 7, ఎక్స్‌పైరీ 42 రోజులు, పాత 24 పాస్‌వర్డ్‌లు గుర్తుంచుకోవడం, కాంప్లెక్సిటీ ఆన్, లాకౌట్ మాత్రం ఆఫ్. అవును, లాకౌట్ ఆఫ్. ఏడీ పెట్టిన కొత్తలో నంబర్లు మార్చి లాకౌట్‌ని మర్చిపోయిన డొమైన్లు నేను చూశా.

డొమైన్‌కి ఒక్కటే రూలు, అందరికీ అదే. పాత కన్సోల్‌లో పొడవు 14 దాటి పెట్టనివ్వదు, ఆ లిమిట్‌ని సడలించే సెట్టింగ్ విండోస్ సర్వర్ 2022 తరంలో వచ్చింది, కానీ అన్ని డొమైన్ కంట్రోలర్లూ దాన్ని అర్థం చేసుకునే వెర్షన్‌లో ఉండాలి. లీకైన పాస్‌వర్డ్‌ల సంగతి దీనికి తెలియదు.

ఇంకో ఉచ్చు ఉంది. డొమైన్ కంట్రోలర్ల ఓయూ మీద ఎవరైనా బ్లాక్ ఇన్‌హెరిటెన్స్ పెడితే పైన ఉన్న పాస్‌వర్డ్ పాలసీ కిందికి దిగదు, మీరు నంబర్లు ఎన్నిసార్లు మార్చినా గోడకు చెప్పినట్టే. నేను మార్చింది పనిచేయట్లేదేంటి అని తల పట్టుకునేవాళ్లు ముందు అక్కడ చూడండి.

## రెండో దారి: ఫైన్ గ్రెయిన్డ్ పాలసీలు

నాకు ఓయూ దెబ్బ తగిలినప్పుడు నిజానికి వాడాల్సింది ఇది. సర్వర్ 2008తో వచ్చింది, మొదట్లో దీన్ని సెట్ చేయడం నరకంలా ఉండేది, 2012లో అడ్మినిస్ట్రేటివ్ సెంటర్‌లో స్క్రీన్ ఇచ్చాక పది నిమిషాల పని అయింది. ఒక్కో పాలసీని పీఎస్ఓ అంటారు, దాన్ని యూజర్‌కి గానీ గ్లోబల్ సెక్యూరిటీ గ్రూప్‌కి గానీ తగిలించాలి. ఓయూకి తగిలించలేం, ఓయూల ప్రకారం ఆలోచించే అలవాటున్నవాళ్లు ఓయూకో షాడో గ్రూప్ (ఆ ఓయూలో ఉన్నవాళ్లనే చేర్చిన గ్రూప్) పెట్టుకుని మెయిన్‌టెయిన్ చేసుకోవాల్సిందే.

ఒకే మనిషి రెండు గ్రూపుల్లో ఉంటే ఏది గెలుస్తుంది? ప్రిసిడెన్స్ (ప్రాధాన్యం) నంబర్ తక్కువ ఉన్నది. యూజర్‌కే డైరెక్ట్‌గా తగిలించింది ఉంటే గ్రూపులవి ఎన్నున్నా అదే గెలుస్తుంది. రెండూ కలవవు, పొడవు ఒకదాన్నుంచి లాకౌట్ ఇంకోదాన్నుంచి రావడం ఉండదు, గెలిచింది మొత్తానికి మొత్తం అమలవుతుంది. అందుకే ఒక్కో పీఎస్ఓలో అన్ని సెట్టింగులూ జాగ్రత్తగా నింపాలి, అడ్మిన్ల కోసం పొడవు 16 పెట్టి లాకౌట్ ఖాళీ వదిలేస్తే మీ అడ్మిన్లకే లాకౌట్ లేకుండా పోద్ది. పెట్టాక ప్రతి రకం యూజర్‌నీ ఒకర్ని తీసుకుని వాళ్లకి చివరికి ఏ పాలసీ పడిందో అడ్మినిస్ట్రేటివ్ సెంటర్‌లోనే చూడొచ్చు, ఆ ఆప్షన్ ఉన్నది అందుకే.

14 లిమిట్ గోల దీనికి మొదటి నుంచీ లేదు. లైసెన్స్ అక్కర్లేదు. లోటల్లా లీకైన పాస్‌వర్డ్‌లే, "వెల్‌కమ్@2025" ఇక్కడ కూడా నవ్వుతూ లోపలికి వచ్చేస్తుంది.

## మూడో దారి: ఎంట్రా పాస్‌వర్డ్ ప్రొటెక్షన్

మైక్రోసాఫ్ట్ క్లౌడ్ డైరెక్టరీని ఇంతకుముందు అజూర్ ఏడీ అనేవాళ్లం, 2023లో పేరు మార్చి ఎంట్రా ఐడీ చేశారు. క్లౌడ్‌లో ఉన్న నిషేధిత పాస్‌వర్డ్‌ల జాబితాని మన ఆఫీసు డొమైన్ కంట్రోలర్ల దాకా తీసుకొచ్చే ఏర్పాటు ఇది. ఒక మెంబర్ సర్వర్ (డొమైన్‌లో చేరిన మామూలు సర్వర్) మీద ప్రాక్సీ (మధ్యవర్తి ప్రోగ్రాం), ప్రతి డొమైన్ కంట్రోలర్ మీద ఒక ఏజెంట్, ఏజెంట్ పెట్టాక రీబూట్. డొమైన్ కంట్రోలర్‌కి ఇంటర్నెట్ ఇవ్వక్కర్లేదు, ప్రాక్సీయే వెళ్లి తెస్తుంది. మైక్రోసాఫ్ట్ జాబితా ఒకటి ఎలాగూ ఉంటుంది, దానికి తోడు మన కంపెనీ పేరు, ప్రాడక్ట్ పేర్లు లాంటివి 1000 మాటల దాకా మనం కలపొచ్చు. ఆఫీసు డొమైన్‌లో వాడాలన్నా సొంత జాబితా కావాలన్నా ఎంట్రా పీ1 లైసెన్స్ (డబ్బు కట్టేది) ఉండాలి.

బాగా నచ్చేది ఆడిట్ మోడ్. ఎవర్నీ ఆపకుండా, ఆపి ఉంటే ఎంతమంది ఆగేవాళ్లో లాగ్‌లో రాస్తుంది. ఒక నెల అలా వదిలేసి ఆ లాగ్ పట్టుకెళ్లి మేనేజ్‌మెంట్‌కి చూపిస్తే ఇంకే ప్రెజెంటేషనూ అక్కర్లేదు.

ఇప్పుడు నచ్చనిది. చాలామంది దీన్ని లీకైన పాస్‌వర్డ్‌లన్నిటినీ ఆపేస్తుందనుకుంటారు, కాదు. ఆ జాబితాని మైక్రోసాఫ్ట్ తన సర్వీసుల్లో కనిపించే దాడుల్ని చూసి తయారు చేస్తుంది, బయట తిరిగే లీకు లిస్టుల్ని తెచ్చి కలపదు, అందులో ఏముందో బయటపెట్టదు కూడా. పైగా పాయింట్ల లెక్క ఒకటుంది. సున్నాని ఓగా, ఎట్ గుర్తుని ఏగా మార్చి చూసి, నిషేధమైన మాట దొరికితే దానికి ఒక పాయింటు, మిగిలిన ఒక్కో అక్షరానికీ ఒక్కో పాయింటు, మొత్తం ఐదొస్తే పాస్. అంటే మీ కంపెనీ పేరుని మీరే నిషేధించినా, దాని వెనక జాబితాలో లేని నాలుగు అక్షరాలు తగిలిస్తే లోపలికి వచ్చేస్తుంది. పొడవు 8 ఉన్నప్పుడు ఈ లొసుగు పెద్దగా తెలియదు, పొడవాటి కంపెనీ పేరుతో పొడవు 12 పెట్టి చూడండి, పేరే సగం పైగా నింపేస్తుంది. అందుకని నేను దీన్ని ఒంటరిగా నమ్మను, రెండో దారి మీద ఇంకో పొరలా అయితే ఓకే.

## నాలుగో దారి: బయటి పాస్‌వర్డ్ ఫిల్టర్లు

ఇక్కడ రెండు గుంపులు. ఫ్రీగా ఓపెన్ సోర్స్‌లో దొరికే లిత్‌నెట్ పాస్‌వర్డ్ ప్రొటెక్షన్ ఒకవైపు, డబ్బిచ్చి కొనే స్పెకాప్స్, మేనేజ్‌ఇంజిన్ లాంటివి ఇంకోవైపు. అన్నీ లోపల చేసే పని ఒకటే, పాస్‌వర్డ్ మార్చే క్షణంలో డొమైన్ కంట్రోలర్ ఆ కొత్త పాస్‌వర్డ్‌ని ఫిల్టర్‌కి చూపిస్తుంది, ఫిల్టర్ సరే అంటేనే ముందుకెళ్తుంది.

లిత్‌నెట్ గొప్పతనం ఏంటంటే సెక్యూరిటీ నిపుణుడు ట్రాయ్ హంట్ నడిపే హ్యావ్ ఐ బీన్ పోన్డ్ సైటులోని లీకైన పాస్‌వర్డ్‌ల హ్యాష్‌లు (పాస్‌వర్డ్‌ని వెనక్కి తిప్పలేని కోడ్‌గా మార్చిన రూపం) మొత్తం దించుకుని మన సర్వర్‌లోనే పెట్టుకోవచ్చు, పోలిక అంతా లోపలే జరుగుతుంది, బయటికి ఏ రిక్వెస్టూ వెళ్లదు. ఇంకా మంచిది, పొడవుని బట్టి రూళ్లు మార్చొచ్చు, పొట్టి పాస్‌వర్డ్‌కి కాంప్లెక్సిటీ అడిగి పొడవాటి దానికి వదిలేయొచ్చు. నాలుగైదు మాటలు కలిపి రాసుకునే యూజర్‌కి ఇది ఎంత ఊరటో చెప్పలేను. ఇప్పటికే ఉన్న పాస్‌వర్డ్‌లలో ఎన్ని లీకైనవో కూడా చెక్ చేసుకోవచ్చు, మొదటిసారి ఆ నంబర్ చూసినప్పుడు గట్టిగా ఊపిరి పీల్చుకుని కూర్చోండి.

సరే, ఫ్రీ అయితే అందరూ ఇదే వాడొచ్చుగా? మూడు అడ్డాలున్నాయి.

ఫిల్టర్ పనిచేసేది డొమైన్ కంట్రోలర్‌లో పాస్‌వర్డ్‌లు చూసుకునే ప్రాసెస్ లోపలే. అది సరిగ్గా లేకపోతే మొత్తం డొమైన్ కంట్రోలరే కిందపడుతుంది. టెస్ట్ ల్యాబ్ లేని చోట దీన్ని నేరుగా ప్రొడక్షన్‌లో పెట్టడం సాహసం కాదు, మూర్ఖత్వం.

రెండోది, మార్పు రికార్డు చేయగలిగే ప్రతి డొమైన్ కంట్రోలర్ మీదా ఉండాలి. బ్రాంచ్ ఆఫీసులో ఒక్కటి మర్చిపోయినా అక్కడ మార్చుకున్నవాళ్లందరూ ఫిల్టర్ లేకుండానే వెళ్లిపోతారు, మళ్లీ అదే, ఎర్రర్ ఉండదు.

మూడోది హెల్ప్‌డెస్క్. ఫిల్టర్ రిజెక్ట్ చేస్తే యూజర్‌కి కనిపించేది విండోస్ వాడి పాత మెసేజే, పొడవు, కాంప్లెక్సిటీ, హిస్టరీ రూల్స్‌కి సరిపోలేదు అని. యూజర్ కొట్టిందేమో 16 అక్షరాలు, గుర్తులూ అంకెలూ అన్నీ ఉన్నాయి, అయినా వద్దంటోంది, ఎందుకో చెప్పదు. నాలుగుసార్లు ప్రయత్నించి ఫోన్ చేస్తారు, ఫోన్ ఎత్తినవాడికీ తెలియదు. మూడో దారిలో ఎంట్రా ఏజెంట్‌కీ ఇదే జబ్బు. డబ్బిచ్చి కొనే ప్రాడక్టుల అసలు విలువ నా దృష్టిలో ఇక్కడే ఉంది, యూజర్ పీసీ మీద ఒక చిన్న క్లయింట్ పెట్టి ఏ రూల్ తప్పిందో స్క్రీన్ మీదే చూపిస్తాయి, స్పెకాప్స్‌లో అయితే పాస్‌వర్డ్ ఎంత పొడవుంటే అంత ఎక్కువ రోజులు వాడుకోనివ్వొచ్చు. వెయ్యిమంది యూజర్లున్న చోట కాల్స్ తగ్గితేనే లైసెన్స్ గిట్టుబాటయ్యేది. యాభైమంది ఉన్న చోట మీరే కుర్చీ దగ్గరికెళ్లి చెప్పొచ్చు, దానికి లైసెన్స్ ఎందుకు.

## ఐదో దారి: లినక్స్ ఎక్కువున్న చోట

సర్వర్లు పది లోపు అయితే ఒక్కోదాంట్లో పామ్ (లినక్స్‌లో లాగిన్ చూసుకునే భాగం) సెట్టింగులు పెట్టి యాన్సిబుల్‌తో (చాలా సర్వర్లకి ఒకేసారి మార్పులు పంపే టూల్) తోసేయొచ్చు, పొడవు వగైరాకి పీడబ్ల్యూక్వాలిటీ, లాకౌట్‌కి ఫెయిల్‌లాక్. రెండు విషయాలు తెలియక చాలామంది దెబ్బతింటారు. లాగిన్ డెఫ్స్ ఫైల్‌లో ఎక్స్‌పైరీ మారిస్తే అది ఆ తర్వాత క్రియేట్ చేసే యూజర్లకే, పాతవాళ్లకి ఒక్కొక్కరికీ చేజ్ కమాండ్ కొట్టాలి. రూట్‌గా (లినక్స్ అడ్మిన్‌గా) ఉండి ఎవరికైనా పాస్‌వర్డ్ సెట్ చేస్తే పీడబ్ల్యూక్వాలిటీ గొణుగుతుంది గానీ ఆపదు, ఆపాలంటే దానికో ఆప్షన్ విడిగా ఆన్ చేయాలి.

సర్వర్లు పెరిగితే ఫ్రీఐపీఏ (లినక్స్‌కి ఏడీ లాంటి డైరెక్టరీ) పెట్టేయండి. గ్రూపుకో పాలసీ, ప్రయారిటీ నంబర్ తక్కువున్నది గెలుస్తుంది, అచ్చం పీఎస్ఓలాగే. అడ్మిన్ రీసెట్ చేసిన పాస్‌వర్డ్ వెంటనే ఎక్స్‌పైర్ అయిపోయి యూజర్ మొదటి లాగిన్‌లోనే మార్చుకోవాలి, ఇది మొదట చిరాకనిపిస్తుంది గానీ మంచి అలవాటు. సాంబా అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తో ఏడీ నడిపేవాళ్లకి 2018లో వచ్చిన 4.9 నుంచి పీఎస్ఓలు పనిచేస్తాయి. విండోస్ ఏడీ ఆల్రెడీ ఉంటే మాత్రం లినక్స్ సర్వర్లని ఎస్ఎస్ఎస్‌డీ అనే ప్రోగ్రాంతో దానికే జాయిన్ చేయడం నయం, రెండు చోట్ల రెండు రూల్ పుస్తకాలు మెయిన్‌టెయిన్ చేసేంత ఓపిక ఎవరికీ ఉండదు.

## ఆరో దారి: క్లౌడ్ డైరెక్టరీ మాత్రమే

సర్వర్ గది లేని కొత్త ఆఫీసులు ఇటే వస్తున్నాయి. ఎంట్రాలోనే పుట్టిన అకౌంట్లకి కనీస పొడవు 8, దాన్ని పెంచే సెట్టింగే లేదు. 12 కావాలని రాసిచ్చిన ఆడిటర్‌కి ఈ మాట చెప్తే నమ్మడు, డాక్యుమెంట్ చూపించాలి. దానికి బదులుగా నిషేధ జాబితా తనంతట తనే పనిచేస్తుంది, స్మార్ట్ లాకౌట్ ఉంటుంది, డిఫాల్ట్‌గా పది తప్పులకి ఒక నిమిషం, మళ్లీ మళ్లీ కొడితే ఇంకా ఎక్కువ. ఇక్కడ మీ అసలు కాపలా ఎంఎఫ్ఏ, పాస్‌వర్డ్ కాదు. పొడవు మన చేతిలో ఉండాల్సిందే అనుకుంటే ఓక్టా లాంటి వేరే క్లౌడ్ డైరెక్టరీలు గ్రూపుకో పాలసీ పెట్టనిస్తాయి.

## ఒక్క చూపులో

| దారి | ఎవరి మీద పడుతుంది | ఎవర్ని వదిలేస్తుంది | గ్రూపుకో రూలు | లీకైనవి ఆపడం | ఖర్చు, శ్రమ |
|---|---|---|---|---|---|
| డిఫాల్ట్ డొమైన్ పాలసీ | డొమైన్ యూజర్లందరూ | క్లౌడ్, లినక్స్ లోకల్ | లేదు | లేదు | ఏమీ లేదు |
| ఫైన్ గ్రెయిన్డ్ | ఎంచుకున్న గ్రూపులు | గ్రూపులో చేర్చడం మర్చిపోయినవాళ్లు | ఉంది | లేదు | ఫ్రీ, గంట పని |
| ఎంట్రా ప్రొటెక్షన్ | డొమైన్, క్లౌడ్ రెండూ | లోకల్ అకౌంట్లు | లేదు | కొంతవరకు | పీ1 లైసెన్స్, ఏజెంట్లు |
| లిత్‌నెట్ | డొమైన్ యూజర్లు | ఫిల్టర్ లేని కంట్రోలర్ దగ్గర మార్చుకున్నవాళ్లు | ఒకే డొమైన్‌లో కష్టం | బాగా | ఫ్రీ, శ్రమ ఎక్కువ |
| కొనే ఫిల్టర్లు | డొమైన్ యూజర్లు | లోకల్, లినక్స్ | ఉంది | బాగా | లైసెన్స్, సపోర్ట్ ఉంటుంది |
| ఫ్రీఐపీఏ | దాంట్లో ఉన్న యూజర్లు | సర్వర్‌లోని పాత లోకల్ యూజర్లు | ఉంది | డిక్షనరీ మాటల వరకు | ఫ్రీ, నేర్చుకోవాలి |
| క్లౌడ్ మాత్రమే | క్లౌడ్ అకౌంట్లు | మెషీన్ల లోకల్ అడ్మిన్లు | ప్రాడక్ట్‌ని బట్టి | కొంతవరకు | నెలవారీ లైసెన్స్ |

## ఏది ఎంచుకున్నా ఇవి రెండూ తప్పవు

టేబుల్లో "వదిలేస్తుంది" అన్న వరస చూశారుగా, లోకల్ అడ్మిన్ చాలావాటిల్లోంచి జారిపోతోంది. యాభై మెషీన్లని ఒకే ఇమేజ్‌తో చేసి ఉంటే యాభైటికీ లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఒక్కటే, ఒక మెషీన్ పడితే అన్నీ పడ్డట్టే. దానికి లాప్స్ అనే మైక్రోసాఫ్ట్ టూల్ ఉంది. 2015లో విడిగా వచ్చింది, 2023 ఏప్రిల్ అప్‌డేట్ నుంచి విండోస్‌లోనే కలిపేశారు, ఒక్కో మెషీన్‌కి ఒక్కో పాస్‌వర్డ్, డిఫాల్ట్‌గా 14 అక్షరాలు, 30 రోజులకోసారి దానంతటదే మారిపోతుంది, ఏడీలోనో ఎంట్రాలోనో దాచుకుంటుంది. ఫ్రీ. దీన్ని పెట్టకుండా యూజర్లని 16 అక్షరాలు కొట్టమనడం వీధి తలుపుకి గొళ్లెం వేసి దొడ్డి తలుపు తీసి పెట్టడమే.

రెండోది సర్వీస్ అకౌంట్లు. వీటికి "పాస్‌వర్డ్ ఎప్పటికీ ఎక్స్‌పైర్ కాదు" అన్న టిక్కు పెట్టేసి ఉంటారు, ఆ టిక్కు ముందు మీ ఎక్స్‌పైరీ పాలసీ చెల్లదు. ఇంకా దారుణమైనది "పాస్‌వర్డ్ అవసరం లేదు" అన్న ఫ్లాగ్, పాత మైగ్రేషన్లలో కొన్ని అకౌంట్లకి అంటుకుపోయి ఉంటుంది, అది ఉంటే ఖాళీ పాస్‌వర్డ్ కూడా పెట్టొచ్చు. ఈ రెండు లిస్టులూ పవర్‌షెల్‌తో ఇవాళే తీయండి. సర్వర్ 2012 నుంచి ఉన్న గ్రూప్ మేనేజ్డ్ సర్వీస్ అకౌంట్‌కి మారగలిగేవి మార్చేస్తే పాస్‌వర్డ్ ఏడీయే పెట్టి 30 రోజులకోసారి మారుస్తుంది, మనిషెవడికీ తెలియాల్సిన పనే ఉండదు. సపోర్ట్ చేయని పాత అప్లికేషన్లకి 25 అక్షరాలు దాటి ఒక పీఎస్ఓ పెట్టుకోండి, అవి టైప్ చేసేవాళ్లెవరూ ఉండరు కాబట్టి ఎంత పొడవైనా ఎవరూ తిట్టరు.

## మీరెవరు, ఏది తీసుకోవాలి

యాభై అరవై మెషీన్లు, ఐటీ అంటే మీరొక్కరే. రెండో దారి, లాప్స్, ఎంఎఫ్ఏ. ఆ తర్వాత తీరిక దొరికితే, టెస్ట్ సర్వర్ ఉంటే లిత్‌నెట్. డబ్బిచ్చి ఏదీ కొనకండి, ఆ డబ్బుతో బ్యాకప్ బాగుచేసుకోండి.

ఆఫీసులో ఏడీ, మెయిల్ క్లౌడ్‌లో, పీ1 ఆల్రెడీ కొనేసి ఉన్నారు. డబ్బు కట్టేశారు కాబట్టి మూడో దారి ఆన్ చేసేయండి, ఒక నెల ఆడిట్ మోడ్‌లో ఉంచి తర్వాత ఎన్‌ఫోర్స్. గ్రూపులవారీ పొడవుల కోసం పీఎస్ఓలు కూడా. ఒక చిక్కు గుర్తుంచుకోండి, పాస్‌వర్డ్ హ్యాష్ సింక్ (ఏడీ పాస్‌వర్డ్ హ్యాష్‌ని క్లౌడ్‌కి పంపే పద్ధతి) వాడుతుంటే సింక్ అయిన యూజర్ల క్లౌడ్ పాస్‌వర్డ్ డిఫాల్ట్‌గా ఎక్స్‌పైర్ కాదు. ఏడీలో గడువు దాటినవాడు కూడా మెయిల్ మాత్రం హాయిగా చూసుకుంటూనే ఉంటాడు.

ఆడిట్లు గట్టిగా ఉండే చోట, వేలల్లో యూజర్లు. కొనండి. టెక్నికల్‌గా ఫ్రీ టూల్ తక్కువదని కాదు, రిపోర్టులు, యూజర్‌కి స్క్రీన్ మీద మెసేజ్, ఏదైనా విరిగితే ఫోన్ చేయడానికి ఒక నంబర్, ఈ మూడింటి కోసం. కొనేముందు డెమోలో ఒక్కటే అడగండి, నా ఎదురుగా ఒక పాస్‌వర్డ్ రిజెక్ట్ చేయించి యూజర్‌కి ఏం కనిపిస్తుందో చూపించండి అని.

సగం లినక్స్ సగం విండోస్. ఎక్కువమంది మనుషులు ఎటున్నారో ఆ డైరెక్టరీకే రెండోదాన్ని కలపండి.

## పెట్టే వరస

ఇది చెప్పకుండా వదిలేస్తే పైనంతా వృథా. పొడవు 7 నుంచి 14కి పెంచారనుకోండి, ఆ క్షణాన ఎవరి పాస్‌వర్డూ చెల్లకుండా పోదు, ఎందుకంటే ఏడీలో ఉండేది హ్యాష్, అది ఎన్ని అక్షరాలదో దానికి తెలియదు. కొత్త రూలు తగిలేది మళ్లీ మార్చినప్పుడే. ఫిల్టర్లదీ అదే కథ. ఇప్పుడు మోడ్రన్‌గా ఉందామని అదే రోజు ఎక్స్‌పైరీ కూడా తీసేశారనుకోండి, ఏమవుతుంది? ఆ ఏడక్షరాల పాస్‌వర్డ్ ఇంక ఎప్పటికీ మారదు. పేపర్ మీద 14, లోపల 7. నేను చూసిన వాటిలో ఎక్కువమంది పడే గొయ్యి ఇదే, మంచి సలహాలు రెండూ పాటించి కూడా పడతారు.

కాబట్టి ముందు పొడవు, ఫిల్టర్ పెట్టండి, ఎక్స్‌పైరీని ఉన్నచోటే ఉంచి ఒక పూర్తి చుట్టు తిరగనివ్వండి. ఆ తర్వాత పాస్‌వర్డ్ చివరిసారి మార్చిన తేదీని చూసి, పాలసీ పెట్టిన రోజు కంటే పాతది ఉన్నవాళ్ల లిస్టు తీయండి, వాళ్లలో సగం మంది ఎక్స్‌పైర్ కాదన్న టిక్కు ఉన్నవాళ్లే అయ్యుంటారు, మిగతావాళ్లు ఎప్పుడో ఉద్యోగం మానేసినవాళ్లు. మానేసినవాళ్లవి డిజేబుల్ చేయండి, ఉన్నవాళ్లకి తర్వాతి లాగిన్‌లో మార్చాలి అన్న టిక్కు ఇరవయ్యేసి మందికి చొప్పున పెట్టుకుంటూ పోండి, సోమవారం పొద్దున మాత్రం వద్దు.

ఇంటి నుంచి వీపీఎన్‌తో పనిచేసేవాళ్లని ఆ బ్యాచుల్లో కలపకండి. చాలా వీపీఎన్ క్లయింట్లు పాస్‌వర్డ్ మార్చుకునే స్క్రీన్ చూపించవు, కనెక్ట్ కావాలంటే మార్చాలి, మార్చాలంటే కనెక్ట్ కావాలి, మనిషి మధ్యలో ఇరుక్కుంటాడు. వాళ్లని ముందే పిలిచి, వీపీఎన్‌లో ఉండగానే కంట్రోల్ ఆల్ట్ డిలీట్ కొట్టి మార్చుకోమనండి, అలా అయితే ల్యాప్‌టాప్‌లో దాచి ఉన్న పాత పాస్‌వర్డ్ కూడా అప్పుడే మారిపోతుంది. వెబ్ నుంచి మార్చుకుంటే ల్యాప్‌టాప్ డొమైన్ కంట్రోలర్‌ని చూసేదాకా పాతదే అడుగుతుంది, ఆఫీసు కొత్తది అడుగుతుంది, వాళ్లు మిమ్మల్ని అడుగుతారు. లిస్టులో పాత తేదీ ఉన్నవాళ్లు సున్నా అయ్యారని చూసుకున్న రోజున ఎక్స్‌పైరీ తీసేయండి.